టూరా, తోటా, పిట్టల లెక్కా, ఒక్క చెట్టా: మీ బడికి ఏది సరిపోతుంది?

జూన్ 12న బడి తెరిచిన వారంలోపే మా స్టాఫ్ రూములో ప్రతి ఏడాదీ ఒకటే చర్చ. పిల్లలకి మన చుట్టూ ఉన్న చెట్టూ చేమా, పిట్టా పురుగూ, చెరువూ అంటే కాస్త పట్టింపు కలగాలంటే ఈసారి ఏం చేద్దాం అని. ఒకరు బస్సు మాట్లాడదాం అంటారు, ఒకరు నర్సరీ నుంచి మొక్కలు తెప్పిద్దాం అంటారు, ఇంకొకరు పోస్టర్ల పోటీ పెడదాం అంటారు, పెడతారు కూడా, ప్రతి పోస్టర్లోనూ భూగోళం నోట్లో థర్మామీటర్ పెట్టుకుని ఏడుస్తూ ఉంటుంది. నేను గుంటూరు వైపు ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పన్నెండేళ్ళలో ఇవన్నీ చేశాను, సగం చెడగొట్టాను కూడా, కాబట్టి ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో ఉన్నదున్నట్టు రాస్తున్నా. పోస్టర్ల సంగతి ఇక్కడితో వదిలేద్దాం, అది డ్రాయింగ్ పీరియడ్.

ముందు నా కొలత ఏంటో చెప్పాలి. మా బడి గేటు పక్కన ఒక పెద్ద కానుగ ఉంది. పులుల సంరక్షణ మీద పేజీన్నర రాసేసిన ఎనిమిదో తరగతి వాళ్ళని ఒకరోజు బయటికి తీసుకొచ్చి, రోజూ దీని కిందే కదా సైకిళ్ళు పెడతారు, ఇదేం చెట్టురా అని అడిగితే అందరూ కలిసి చెప్పిన పేరు "సైకిళ్ళ చెట్టు". నాకు నవ్వొచ్చింది గానీ ఆ పేరులో తప్పేం లేదు, వాళ్ళకి దాంతో ఉన్న సంబంధం అంతే మరి. అప్పటినుంచి ఏ కార్యక్రమం చేసినా నేను చూసేది ఒక్కటే: మూణ్ణెల్ల తర్వాత అదే చోటికి తీసుకెళ్ళి నిలబెడితే ఏం మారిందో ఈ పిల్లాడు చెప్పగలడా లేదా. ఎన్ని ఫోటోలు వచ్చాయి, పై ఆఫీసుకి రిపోర్టు వెళ్ళిందా అన్నవి వేరే లెక్కలు.

ఈ లెక్కన చూస్తే టూరు అన్నిటికన్నా వెనక. మేము గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు వెళ్ళాం, ఊరి చెరువులో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నిజంగా చూడాల్సిన చోటే. కానీ యాభై మందిని పోగేసి టిఫిన్లు పెట్టించి బయల్దేరేసరికి పది దాటింది, ఎండ నెత్తిమీదకొచ్చాక చేరాం, పిట్టలు రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి, పిల్లలు ఐస్ బండి దగ్గర నిలబడ్డారు. మర్నాడు రాసుకు రమ్మంటే ముప్పావు వంతు మంది బస్సులో వేసిన పాటల గురించి రాశారు. టూరు వద్దనడం లేదు. మీకు గంట దూరంలో అలాంటి చోటు ఉంటే, సిక్కోలు వాళ్ళకి తేలినీలాపురం, కైకలూరు వాళ్ళకి ఆటపాక, సూళ్ళూరుపేట చుట్టుపక్కల వాళ్ళకి నేలపట్టు, పులికాట్, హైదరాబాద్ శివార్లలో అమీన్‌పూర్ చెరువు, వెళ్ళండి. కాకపోతే యాభై మందితో ఒక్కసారి కాకుండా పదిహేను మందితో మూడుసార్లు వెళ్ళండి, పొద్దున్నే ఏడింటికల్లా అక్కడ ఉండండి. చలికాలంలో ఒకసారి, పిట్టలు వెళ్ళిపోయాక ఎండాకాలంలో ఒకసారి చూపిస్తే ఖాళీ చెట్లు కూడా పాఠమే చెప్తాయి. ఇలా కుదరదు, ఏడాదికి ఒక్కటే బస్సు అంటారా, అప్పుడు దాన్ని పిక్నిక్ అనే పిలవండి, పిల్లలకి పిక్నిక్ కూడా కావాలి.

మొక్కలు నాటడం గురించి చెప్పాలంటే కొంచెం మొహమాటంగా ఉంటుంది. 1950 నుంచి వనమహోత్సవం జరుగుతోంది, తెలంగాణలో 2015 నుంచి హరితహారం చేశారు, 2024 నుంచి అమ్మ పేరుతో ఒక మొక్క అని మళ్ళీ నాటిస్తున్నారు, మా బడిలోనూ ప్రతి జులైలో నాటుతాం. స్టేజీ వెనక గుంట ఒకటి ఉంది, అందులో నేను చూస్తుండగా నాలుగుసార్లు నాటారు, గుంట మాత్రం పచ్చగా ఎప్పుడూ లేదు. నాటిన రోజు పిల్లలు అరగంట పనిచేస్తారు, ఆ తర్వాత ఆ మొక్క ఎవరిదీ కాదు. ఇది చేయాల్సిందే అనుకుంటే నూరు వద్దు, ఐదు చాలు, ఒక్కో మొక్కకి నలుగురు పిల్లల్ని కట్టేయండి, దసరా సెలవులకి ఎవరు నీళ్ళు పోస్తారో ముందే రాసుకోండి. ఏం నాటాలో కూడా చూసుకోండి. త్వరగా పచ్చబడుతుందని వరసగా ఒకే జాతి నాటేస్తే ఏమవుతుందో విశాఖ వాళ్ళని అడగండి, 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత వీధుల నిండా ఏడాకుల పాల చెట్లు నాటారు, ఇప్పుడు చలికాలం వస్తే ఆ పూల ఘాటు వాసనకి తలుపులు మూసుకుంటున్నామని జనం గొడవ. వేప, కానుగ, నేరేడు, సీతాఫలం లాంటివైతే పిల్లలకీ పనికొస్తాయి, పిట్టలకీ పనికొస్తాయి.

బడితోట మీద నాకు ప్రేమ ఎక్కువ, కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుందని ముందే చెప్తున్నా. తోటలో ఉన్న గొప్పతనం ఏంటంటే ఫలితం పిల్లల ఓపిక అయిపోయేలోపే వస్తుంది. మెంతికూర, తోటకూర చల్లితే నెల తిరక్కుండానే చేతికొస్తాయి, గోంగూర ఒకసారి పాతుకుంటే కోసిన కొద్దీ చిగురిస్తుంది, కంచె మీదకి బీర, చిక్కుడు పాకిస్తే వేరే స్థలం అక్కర్లేదు. మట్టిలో చెయ్యి పెట్టినవాడికి వానపాము, పేనుబంక, బీరపువ్వు మీద వాలే తేనెటీగ అన్నీ పుస్తకంలోంచి లేచి బయటికొస్తాయి. ఒకడు మధ్యాహ్నం భోజనం మానేసి బీరపువ్వుల దగ్గర కూర్చుని, సార్ మగపువ్వులు ఇన్నుంటే ఆడపువ్వులు మూడే ఉన్నాయేంటి అని అడిగాడు. నేను అంతకుముందే బోర్డు మీద ఏకలింగ పుష్పాలు చెప్పి ఉన్నాను, వాడు దాన్నీ దీన్నీ కలిపి చూసుకోలేదు, నేనూ కలిపి చూపించలేదు.

కానీ తోట అంటే పెళ్ళి లాంటిది, ఫోటో తర్వాతే అసలు కథ. మొదటేడు మా వాళ్ళు కంచె వేశారు, గేటుకి మాత్రం డబ్బులు సరిపోలేదని తాడు కట్టారు. దసరా పది రోజులు సెలవులిచ్చి తిరిగొచ్చేసరికి తాడు ఉంది, తోట లేదు. మేకలకి తాడు విప్పడం రాదనుకున్నాం, పక్కన దూరడం వచ్చు. రెండో ఏడు బోరు మోటారు కాలిపోయి పదిహేను రోజులు నీళ్ళు లేవు. మూడో ఏడు బాగా పండింది, వంట చేసే అమ్మ పప్పులో వేసింది, పిల్లలు మేం పెంచిన కూర అని గొప్పలు పోయారు, తిన్నది మాత్రం సగం మందే. పెంచితే తింటారు అని ఎవరైనా చెప్తే పూర్తిగా నమ్మకండి. తోట పెట్టాలంటే మూడు ఉండాలి: నీళ్ళు, గట్టి కంచె, సెలవుల్లో కూడా వచ్చే ఒక మనిషి. ఆ మనిషి లేకపోతే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మళ్ళీ దసరా నుంచి సంక్రాంతి దాకా, రెండు చిన్న పంటలుగా వేసుకోండి, ఎండాకాలం జోలికి పోకండి. గురుకులం వాళ్ళకైతే ఇది అన్నిటికన్నా మంచిది, పిల్లలు ఆదివారం కూడా అక్కడే ఉంటారు, తినేది కూడా అదే వంటింట్లో.

పిట్టల లెక్కకి ఖర్చు లేదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, శుక్రవారం నుంచి సోమవారం దాకా, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ప్రపంచమంతా జరుగుతుంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి కనిపించినవీ వినిపించినవీ రాసి, పిట్టల లెక్కలు పోగేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఎక్కించాలి, స్కూళ్ళూ కాలేజీల ఆవరణల కోసం అవే రోజుల్లో క్యాంపస్ బర్డ్ కౌంట్ కూడా ఉంది. బైనాక్యులర్ లేకపోయినా మొదటేడు ఏం పర్లేదు. కాకి, గోరింక, పావురం, కొంగ దాటి పదో పేరు దగ్గరికి వచ్చేసరికి పిల్లల్లో ఏదో పట్టుదల పుడుతుంది, క్రికెట్ స్కోరు లాగ. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉండకూడదు కూడా, టీచర్ ఫోన్ ఒకటి చాలు. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్తుంది గానీ దాన్ని ముందే తియ్యకండి, తీస్తే అందరూ ఫోన్ చుట్టూ మూగి పిట్ట వైపు వీపు పెడతారు. ముందు వాళ్ళని ఊహించనివ్వండి. పేరు తెలియకపోతే ఇంట్లో తాతనో అమ్మమ్మనో అడిగి రమ్మనండి. జెముడుకాకి, లకుముకి, పిగిలిపిట్ట, గిజిగాడు, బుడుబుంగ లాంటి పేర్లు మా క్లాసుకి అలాగే వచ్చాయి, ఒక పిట్టకి రెండు వీధుల్లో రెండు పేర్లు ఉంటే ఇంకా మంచిది, అరగంట వాదన ఉచితం.

ఒక సంగతి చెప్పి ముందుకెళ్తా. ఒంటిపూట బడులప్పుడు ఖోఖో కోర్టు మూల గులకరాళ్ళ మధ్య తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. గూడు లేదు, పుల్ల లేదు, మట్టి రంగులో నల్ల మచ్చలతో గుడ్లు, అడుగు దూరంలో ఉన్నా కనపడవు. తీతువు అరిస్తే ఆ ఇంట్లో కీడు జరుగుతుందని మా వైపు ఇంకా అంటారు, అందుకని మొదట ఇద్దరు ముగ్గురు రాళ్ళు తీసుకున్నారు. గుడ్లు చూశాక వాళ్ళే దూరంగా చుట్టూ ఇటుకలు పేర్చి, కోర్టు గీతలు పది అడుగులు జరిపి గీశారు. దగ్గరికి వెళ్తే తల్లి నెత్తిమీదికి దూసుకొచ్చేది, వీళ్ళు బ్యాగులు నెత్తిన పెట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఒక సోమవారం వచ్చేసరికి గుడ్లు లేవు. తీతువు పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే నడిచి వెళ్ళిపోతాయి, కాబట్టి వెళ్ళిపోయాయో, కుక్క తినేసిందో తెలియలేదు. తరగతి రెండుగా చీలిపోయింది, పదో తరగతి అయిపోయి వెళ్ళిపోయాక కూడా ఒకడు కనబడితే కుక్కే సార్ అంటాడు.

పిట్టల లెక్కలో లోపం ఏంటంటే హుషారైన ఆరుగురే మొత్తం చేస్తారు, మిగతా ముప్పై మంది వెనకాల కబుర్లు చెప్పుకుంటారు. ఫిబ్రవరి అయిపోతే అందరూ మర్చిపోతారు. నెలకోసారి అదే చోట, అదే టైముకి చేస్తేనే ఏదైనా నిలుస్తుంది.

ఒక్క చెట్టు పద్ధతిని మొదట్లో నేను తేలిగ్గా తీసుకున్నాను. సీజన్‌వాచ్ అని దేశమంతా నడిచే కార్యక్రమం ఒకటి ఉంది, ఒకే చెట్టుని వారానికోసారి చూసి, లేత ఆకులు, ముదురాకులు, మొగ్గలు, పువ్వులు, కాయలు, పండ్లు ఒక్కొక్కటీ "లేవు, కొన్ని, చాలా" అని రాయడం, అంతే. ఐదు నిమిషాల పని. దాంట్లో చేరినా సరే, గోడకి ఒక చార్టు అంటించుకుని సొంతంగా చేసినా సరే. మా బడిలో సహజంగానే సైకిళ్ళ చెట్టు దొరికింది. జులైలో మొదలుపెట్టాం, ఆగస్టు అంతా మార్పు లేదు, అక్టోబర్ కూడా మార్పు లేదు, చార్టు రాసే తొమ్మిదో తరగతి అమ్మాయి చివరికి "మా.లే." అని పొట్టిగా రాయడం మొదలెట్టింది. ఆపేద్దామనుకున్నాను. కానీ ఖాళీ దొరికినప్పుడల్లా చెట్టు కింద నిలబడటం వల్ల వేరేవి కనబడ్డాయి, కానుగాకుల మీద పాము పాకినట్టు తెల్లటి గీతలు, లోపల పురుగు తొలుచుకుంటూ వెళ్ళిన దారులు, కొన్ని ఆకులకి బుడిపెలు. ఫిబ్రవరి చివర్లో ఒక వారం చార్టులో ఇలా ఉంది: "ముదురాకులు కొన్ని. సైకిల్ సీట్లు కాలుతున్నాయి సార్." ఆకులు రాలుతున్నాయని చెట్టుని చూసి కాదు, సీటు మీద కూర్చుని కనిపెట్టారు. మరో మూడు వారాలకి చెట్టు మొత్తం లేత పచ్చ, ఎండ పడితే నూనె రాసినట్టు మెరుపు. అప్పుడు చూడాలి వాళ్ళ గర్వం, వీళ్ళే చిగురు పెట్టించినట్టు.

చెట్టుని ఎంచుకోవడంలోనే సగం ఉంది. వరసగా నాటిన నిటారు అశోక చెట్లు వద్దు, ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటాయి, పిల్లలకి విసుగొస్తుంది. బడుల్లో ఎక్కువగా ఉండే బాదం చెట్టు చాలా మంచిది, చలికాలం చివర్లో ఆకులు ఎర్రబడి రాలిపోతాయి, ఎవరికైనా కనబడుతుంది. వేప ఉగాదికి పూతకొస్తుంది కాబట్టి ఇంట్లో పచ్చడితో లంకె కుదురుతుంది. రావి చిగురు రాగి రంగులో వస్తుంది. తురాయి, రేల అందంగా పూస్తాయి గానీ వాటి జోరంతా వేసవి సెలవుల్లో. గ్రౌండు లేని అపార్ట్‌మెంట్ స్కూళ్ళకి కూడా ఇదే నా సలహా, కిటికీలోంచి కనబడే రోడ్డు మీది చెట్టు ఒకటి చాలు.

చెరువు నడక అని ఇంకొకటి ఉంది, నాకు తెలిసి దీన్ని చాలా తక్కువ మంది చేస్తారు. ఊళ్ళో తెలిసిన పెద్దాయన ఒకర్ని, దొరికితే ఒకప్పుడు నీరటి పని (చెరువు నీళ్ళు పొలాలకి వదిలే పని) చేసిన కుటుంబం వాళ్ళని, వెంటబెట్టుకుని చెరువు కట్ట మీద ఒక గంట నడవాలి. తూము ఎక్కడుంది, అలుగు ఎక్కడ పోస్తుంది (తెలంగాణలో మత్తడి అంటారు), ఆ నీళ్ళు కింద ఏ చెరువుకి పోతాయి, శిఖం భూమిలో (చెరువు నిండితే మునిగే నేలలో) ఇప్పుడు ఎవరి ఇళ్ళున్నాయి. ఈ చివరి ప్రశ్న దగ్గర పెద్దాయన గొంతు తగ్గిస్తాడు, పిల్లలకి అప్పుడే అసలు ఆసక్తి వస్తుంది. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల గురించి పరీక్షకి రాసిన వాళ్ళే, తమ ఊరి చెరువు కూడా అలాంటి గొలుసులో ఒక పూస అయ్యుండొచ్చని అనుకోరు. పెద్దవాళ్ళ దగ్గరున్న జ్ఞానం కాలక్షేపం కబుర్లు కాదని చెప్పడానికి నేను కలివికోడి అనే పిట్ట కథ చెప్తాను. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు, 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దొరికించింది చుట్టుపక్కల పల్లె మనిషి, రాత్రిపూట టార్చి లైటుతో.

నగరం పిల్లలకి చెరువు నడక బదులు కుళాయి ప్రశ్న పెట్టండి: మీ ఇంటి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి? హైదరాబాద్‌లో కొందరికి కృష్ణ, కొందరికి గోదావరి, కొందరికి మంజీర. 1908 మూసీ వరద, దాని తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాకా కథ వెళ్తుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఒకటి ఉంది, ఆ వరదలో దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. చెరువు దగ్గర మాత్రం భద్రత విషయంలో రాజీ పడకండి: వానాకాలం నిండుగా ఉన్నప్పుడు వద్దు, కట్ట దిగనివ్వొద్దు, పది మందికి ఒక పెద్ద మనిషి, తల్లిదండ్రుల సంతకం, హెడ్మాస్టర్ అనుమతి కాగితం మీద.

పండగలని వదులుకోకండి, ఇది పైసా ఖర్చులేని దారి, పైగా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. చవితికి 21 పత్రిలో మన ఊళ్ళో నిజంగా దొరికేవి ఎన్ని, ఉత్తరేణి ఏది, వావిలి ఏది అని వెతికితే ఒక వారం గడిచిపోతుంది, బజార్లో పత్రి పేరుతో అమ్మే కట్టలో ఏముందో చూస్తే ఇంకో వారం. తెలంగాణలో తంగేడు, గునుగు కోసం పిల్లలు ఎలాగూ పొలాల గట్లు తిరుగుతారు. రంజాన్‌కి గోరింటాకు ఏ ఇంటి పెరట్లోంచి వస్తుందో కూడా అడగండి, తరగతిలో అందరి ఇళ్ళూ రావాలి. జూన్‌లో తొలకరి పడగానే కనపడే ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు ఏ సిలబస్‌లోనూ ఉండదు, అగ్గిపెట్టెలో పెట్టకుండా చూసి వదిలేయించడమే కష్టం.

ఇక మీ సంగతి. ఒక్కరే టీచరు, ఎవరి సాయం లేదు, వారానికి పది నిమిషాలకి మించి ఇవ్వలేరు అంటే ఒక్క చెట్టు, వేరే ఆలోచన వద్దు. నీళ్ళు, కంచె, వాచ్‌మన్ ఉన్నాయంటే తోట, చెట్టు చార్టు దానితోపాటే. ఇరవై మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల అయితే చెరువు నడక, పిల్లలు తక్కువ కాబట్టి అదుపులో ఉంటారు, చిన్నవాళ్ళు సిగ్గు లేకుండా ప్రశ్నలడుగుతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలు దేనికీ లొంగడం లేదంటే పిట్టల లెక్క పెట్టి రెండు జట్లు చేయండి. పదో తరగతిని మార్చి దాకా ఎవరూ మీకివ్వరు, అడగొద్దు. 2020 విద్యావిధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు బ్యాగు లేకుండా అని ఉంది కదా, ఆ పది రోజుల్నీ ఒకేసారి కాకుండా నెలకొకటిగా అడిగి తీసుకుంటే అదే చోటికి పదిసార్లు వెళ్ళొచ్చు. డాలస్‌లోనో ఇంకెక్కడో ఉన్న తెలుగు తల్లిదండ్రులకి ఒక మాట: సెలవుల్లో అమ్మమ్మ ఊరి వేపచెట్టు చూపించండి, బాగానే ఉంటుంది, కానీ మీ పిల్లల చెట్టు మీ వీధి చివరి ఓక్, దాని పేరు మీరూ నేర్చుకోవాలి.

మే నెలలో చార్టు ఖాళీగా ఉంటుందని నేను అనుకున్నాను. కానుగ పూత ముఖ్యంగా వేసవిలోనే, చూసేవాళ్ళెవరూ ఉండరు, అందుకని అక్కడ ఒక గీత కొట్టి వదిలేశాను. జూన్ 12న ఆ "మా.లే." అమ్మాయి ఇంటి గోడ క్యాలెండర్‌లోంచి చింపిన మే నెల కాగితం తెచ్చింది, వాళ్ళ ఇల్లు బడి గోడకి అవతలే. ఒక్కో గడిలో వాళ్ళమ్మ రాసుకున్న పాల లెక్క, అర, అర, ముప్పావు, ఆదివారాల గడుల్లో మాత్రం కింద పెన్సిల్‌తో చిన్నగా: పువ్వులు కొన్ని. పువ్వులు చాలా. పువ్వులు చాలా, సైకిళ్ళు లేవు.